వేడెక్కే ఇంజిన్, తలొగ్గని మనవరాలు

మనవరాలు తాతయ్య మాటకు ఎదురు చెబుతుంటే పక్కన కూర్చుని లోలోపల మురిసిపోయే తల్లులు ఎంతమంది ఉంటారో నాకు తెలియదు. నేనైతే వారిలో ఒకదాన్ని. వాళ్లిద్దరి గొడవ పెళ్లిళ్ల గురించో, చదువుల గురించో కాదు. మా పాత కారు ఇంజిన్ ఎందుకు వేడెక్కుతోందన్న దాని గురించి.

పరాయి దేశంలో పిల్లల్ని పెంచుతున్నవాళ్లకు ఫోను దగ్గర జరిగే తంతు తెలిసే ఉంటుంది. "బాగున్నారా తాతయ్యా?" "బాగున్నాను తల్లీ, నువ్వెలా ఉన్నావు?" "బాగున్నాను." అంతే, ఫోను నా చేతికి వచ్చేస్తుంది. పిల్లకు తెలుగు రాక కాదు, తాతయ్య మీద ప్రేమ లేకా కాదు. ఇద్దరికీ ఉమ్మడిగా తేల్చుకోవలసిన సంగతి ఒక్కటీ లేదు. పద్యాలు బట్టీ పట్టించాను, చుట్టాల వరుసలు నేర్పించాను. అవన్నీ అప్పజెప్పడానికి పనికొచ్చాయి గానీ మాట్లాడుకోవడానికి పనికిరాలేదు.

మా నాన్న మెకానిక్. ఆయన షెడ్డులో గ్రీజు మరకల మధ్య పెరిగినదాన్ని నేను. స్పానర్ అందించమంటే అందించాలి. ఎందుకని అడిగితే "చూస్తూ ఉండు, నీకే తెలుస్తుంది" అనేవారు. నిజంగానే తెలిసేది, కాకపోతే ఏళ్లు పట్టేది. మా అమ్మాయి చదివే చోట పద్ధతి వేరు. అక్కడ మాస్టారు చెప్పినదాన్ని కూడా "మీకెలా తెలుసు?" అని అడిగితే మెచ్చుకుంటారు. అదే ప్రశ్న ఇంట్లో పెద్దల ముందు పొగరు కిందికి వస్తుంది. పిల్లలు రెండు సంస్కృతుల మధ్య వారధులని సభల్లో చెబుతుంటారు, నాకు ఆ మాట వింటేనే విసుగు. వారధి మీద రోజూ నిలబడేవాళ్లకు రెండు వైపుల నుంచీ చీవాట్లే.

కారు మా అమ్మాయి కంటే వయసులో పెద్దది. డ్రైవింగ్ నేర్చుకునే పిల్లకు కొత్త కారు ఎందుకని అదే ఇచ్చాను. కొన్నాళ్లకు టెంపరేచర్ ముల్లు మధ్య గీత దాటి పైకి పోవడం మొదలైంది. ఏ భాగం మార్చాలా అని తను ఫోనులో వెతకబోతుంటే ఆపాను. ఎక్కడ పాడైందో తర్వాత, ముందు ఎప్పుడు వేడెక్కుతోందో రాసిపెట్టమన్నాను.

సగం జబ్బు అక్కడే తెలుస్తుంది. ట్రాఫిక్‌లో ఆగి ఉన్నప్పుడు వేడెక్కి, కారు కదలగానే చల్లబడితే అనుమానం ఫ్యాను మీదికి పోవాలి. వేగంగా వెళ్లేటప్పుడు గాలి దానంతట అదే, ఇంజిన్ వేడిని బయటికి వదిలే రేడియేటర్‌లోకి దూసుకొస్తుంది, ఆగినప్పుడు ఆ పని ఫ్యానే చేయాలి. ఏసీ వేస్తే చాలా కార్లలో ఫ్యాను వెంటనే తిరగాలి, తిరగకపోతే ఫ్యూజు, రిలే, మోటారు వరుసగా చూసుకోవచ్చు. అలా కాకుండా ఊళ్లో బాగానే ఉండి, హైవే మీదో ఎత్తు ఎక్కేటప్పుడో వేడెక్కితే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్, తగినంతగా ప్రవహించడం లేదనో, రేడియేటర్ వేడిని వదిలించుకోలేకపోతోందనో అనుకోవాలి. మాది రెండో రకం. చల్లటి ఇంజిన్‌తో బయలుదేరిన కాసేపటికే ముల్లు లేచిపోయి, హీటర్ వేస్తే చల్లగాలి వస్తోందంటే మాత్రం కూలెంట్ తగ్గిపోయిందనో, లోపల గాలి బుడగ ఇరుక్కుందనో ముందు చూడాలి. మాకు హీటర్ బాగానే కాలుతోంది, కూలెంట్ మట్టం కూడా సరిగ్గానే ఉంది.

రేడియేటర్ మూత సంగతి మాత్రం మా అమ్మాయికి బుజ్జగించి చెప్పలేదు, హెచ్చరించే చెప్పాను. ఆ మూత ప్రెషర్ కుక్కర్ మూత లాంటిదే. సగం నీళ్లు, సగం ఇథిలీన్ గ్లైకాల్ కలిపిన కూలెంట్ మామూలుగా సుమారు 107 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరుగుతుంది. 15 పీఎస్‌ఐ ఒత్తిడి పట్టే మూత బిగిస్తే 125 డిగ్రీలు దాటినా మరగదు. వేడి మీద మూత తిప్పామా, ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయి లోపలున్నది మరిగి ఆవిరితో కలిసి ముఖం మీదికి చిమ్ముతుంది. కాబట్టి ముల్లు ఎర్ర గీత వైపు పోతుంటే ఏసీ ఆపి, హీటర్ పూర్తిగా పెట్టి, వీలైనంత త్వరగా పక్కకు తీసి ఇంజిన్ ఆపేయాలి. హీటర్ కూడా ఒక చిన్న రేడియేటరే, ఇంజిన్ వేడిని కొంత లాగుతుంది. ఆ తర్వాత గొట్టాలు చేత్తో పట్టుకోగలిగేంత చల్లబడేదాకా మూత జోలికి వెళ్లకూడదు. కాలుతున్న ఇంజిన్ మీద చన్నీళ్లు పోస్తే లోహం పగిలిపోవచ్చు.

ఇంటర్నెట్‌లో ఎవరిని అడిగినా ముందు హెడ్ గాస్కెట్, అంటే ఇంజిన్ బ్లాకుకూ దాని పైనుండే హెడ్‌కూ మధ్య బిగించే పలుచటి రేకు, పోయిందనే భయపెడతారు. అందుకని ఆ అనుమానాన్నే ముందు తీర్చుకున్నాం. ఆయిల్ పోసే మూత కింద మీగడ రంగు నురగ లేదు. పొగలో తియ్యటి వాసనా లేదు. ఇంజిన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేసిన వెంటనే పై గొట్టం రాయిలా బిగుసుకోవడం లేదు. రేడియేటర్ నోటి దగ్గర పెట్టే నీలిరంగు ద్రవం ఒకటి దొరుకుతుంది, పెట్రోలు ఇంజిన్‌లో మండిన వాయువులు కూలెంట్‌లోకి చేరుతుంటే అది పసుపు రంగుకు మారుతుంది. మాది నీలంగానే ఉండిపోయింది. అమ్మాయి ఊపిరి పీల్చుకుంది. నేనూ పీల్చుకున్నాను, హెడ్ విప్పించాలంటే అయ్యే ఖర్చు తెలుసు కాబట్టి.

అప్పుడు తాతయ్యకు ఫోను చేశాం. ఆయన సాంతం వినకుండానే థర్మోస్టాట్ మీద, అంటే ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు పోనివ్వని వాల్వు మీద, తీర్పు చెప్పేశారు.

"థర్మోస్టాట్ తీసి అవతల పారేయండి. అది లేకపోతే నీళ్లు ఎప్పుడూ తిరుగుతూనే ఉంటాయి. నేను ఎన్ని బండ్లకు తీసేశానో."

"కాదు తాతయ్యా," అంది మా అమ్మాయి.

ఆ "కాదు" విని నేను కాస్త ఉలిక్కిపడ్డానన్న మాట నిజం. మా ఇంట్లో నాన్న మాటకు ఎవరూ అంత సూటిగా కాదనలేదు. ఫోను పెట్టేశాక చెప్పాను, పెద్దవాళ్లతో కాదన్న మాటతో మొదలుపెట్టకుండా "అలా అయితే ఇది ఇలా ఎందుకుంది తాతయ్యా?" అని అడిగితే వాళ్లూ ఆలోచిస్తారని. "నాకు కాదనిపిస్తున్నప్పుడు ఏమీ తెలియనట్టు అడగడం నటన కదా అమ్మా?" అంది. నా దగ్గర దానికి మంచి జవాబు లేదు. నటనేమో గానీ, ఎదుటి మనిషికి చోటు వదలడం అని చెప్పి చూశాను. ఒప్పుకోలేదు. ఈ విషయం మా మధ్య ఇప్పటికీ తేలలేదు, తేలకపోయినా నష్టం లేదనుకుంటున్నాను.

అయితే కాదన్నందుకు రుజువు తెచ్చే బాధ్యత కూడా తనదేనని మాత్రం తేల్చి చెప్పాను. థర్మోస్టాట్ విప్పింది. మధ్యలో మైనంతో నిండిన చిన్న కుప్పె ఉంటుంది, వేడికి మైనం కరిగి ఉబ్బి వాల్వును తెరుస్తుంది. దాని అంచు మీద 88 అని చెక్కి ఉంది. నీళ్ల గిన్నెలో అడుగుకు తగలకుండా దారంతో వేలాడదీసి, పక్కన థర్మామీటరు పెట్టి, స్టవ్ వెలిగించాం. ఇటు ఫోను కెమెరా, అటు తాతయ్య కళ్లద్దాలు. 85 దగ్గర చలనం లేదు. 88 దాటగానే సన్నటి సందు కనిపించింది. నీళ్లు మరిగేవేళకు వాల్వు బాగా తెరుచుకుంది.

"పనిచేస్తోంది," అన్నారు నాన్న, కొంచెం అయిష్టంగా.

"ఇంకోటి కూడా ఉంది తాతయ్యా. దీని కింద ఈ పళ్లెం ఉంది చూడండి, ఇంజిన్ వేడెక్కాక ఇది బైపాస్ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ తీసేస్తే ఆ దారి తెరిచే ఉంటుంది. కొంత కూలెంట్ రేడియేటర్‌కు వెళ్లకుండానే మళ్లీ ఇంజిన్‌లోకి పోతుంది. వేడి ఇంకా పెరుగుతుంది."

అవతల కాసేపు మాట లేదు. నాన్నకు కోపం వచ్చిందేమో అనుకున్నాను. ఆయన ఆ పళ్లేన్ని దగ్గరగా చూపించమన్నారు, తిప్పి చూపించమన్నారు. పాత బండ్లలో కొన్నింటికి ఆ పళ్లెం ఉండేది కాదని, అందుకే తీసేసినా నడిచేవని తనకు తానే చెప్పుకున్నట్టు చెప్పారు. ఓడిపోయినట్టు కాదు, లెక్క సరిచూసుకున్నట్టు. వెంటనే పనిలో పడ్డారు: "సరే, కింది హోస్ పైపు చూశారా?"

చూడలేదు. మేమిద్దరం పై గొట్టాన్నే పట్టుకు చూస్తున్నాం. ఇంజిన్‌లో వేడెక్కిన కూలెంట్ పై గొట్టంలోంచి రేడియేటర్‌కు వెళ్లి, చల్లబడి కింది గొట్టంలోంచి వాటర్ పంపుకు తిరిగొస్తుంది. పంపు లాగేది కింది వైపు నుంచే. ఇంజిన్ వేడెక్కేదాకా నడిపి, బానెట్ ఎత్తి, బెల్టుకూ ఫ్యానుకూ దూరంగా నిలబడి చూడమన్నారు. నేను లోపల కూర్చుని రేజ్ చేస్తుంటే అమ్మాయి ఫోను పట్టుకుంది. "ఇంకొంచెం రేజ్ చేయమను... ఇంకొంచెం... అదిగో!" ఆ కేక నాకు సీటులోకి కూడా వినిపించింది. ఇంజిన్ వేగం పెరిగేకొద్దీ కింది గొట్టం మధ్యలో నొక్కుకుపోయి చదునుగా అయిపోతోంది. యాక్సిలరేటర్ వదలగానే మళ్లీ గుండ్రంగా ఉబ్బుతోంది. ఊళ్లో బాగుండి హైవే మీదే ఎందుకు వేడెక్కుతోందో దానితో చాలావరకు తెలిసిపోయింది.

"పైపు మార్చేయండి, అయిపోయింది," అన్నారు నాన్న.

"తాతయ్యా, పైపు మెత్తబడి ముడుచుకుపోతోందా? లేక రేడియేటర్‌లోంచి నీళ్లు సరిగ్గా రాక పంపు గట్టిగా లాగడం వల్ల ముడుచుకుపోతోందా?"

ప్రశ్నగానే అడిగింది. నటించలేదు, నిజంగానే తెలియక అడిగింది. నేనేమీ అనలేదు.

రేడియేటర్ పూడుకుపోయిందా లేదా తెలుసుకోవడానికి తన దగ్గర ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటరు ఉందంది. నాన్న తన పద్ధతి చెప్పారు: ఇంజిన్ ఆపి, ఫ్యాను కనెక్టర్ ఊడదీసి, రేడియేటర్ రెక్కల ముందు అరచేయి తాకీతాకనట్టు ఆనిస్తూ పై నుంచి కిందికి తీసుకురమ్మన్నారు. కనెక్టర్ మాట ఆయన రెట్టించి చెప్పారు, ఎందుకంటే ఎలక్ట్రిక్ ఫ్యాను తాళం తీసేశాక కూడా దానంతట అది తిరగవచ్చు. ఒకరి అరచేయి, ఇంకొకరి థర్మామీటరు. రెండూ ఒక్కచోటే ఆగాయి. కింద ఎడమ మూల వైపు ఒక పెద్ద భాగం చల్లగా ఉంది. ఆ గొట్టాల్లోంచి కూలెంట్ పోవడమే లేదు.

విప్పి చూస్తే జబ్బులు రెండు. కింది గొట్టం లోపల ముడుచుకోకుండా ఉండవలసిన స్ప్రింగు తుప్పు పట్టి ముక్కలైపోయింది. రేడియేటర్ సన్నటి గొట్టాల్లో తెల్లటి పొర పేరుకుపోయింది. ఒక్కటే మార్చి ఉంటే మిగిలినదాని వల్ల మళ్లీ ఇదే పాట పాడేవాళ్లం. రెండూ మార్చాం, మూత కూడా కొత్తది వేశాం. కూలెంట్ నింపేటప్పుడు గాలి ఇరుక్కోకుండా కారు ముందు భాగం ఎత్తులో ఉండేట్టు నిలిపి, హీటర్ పెట్టి, బుడగలు ఆగేదాకా ఓపిక పట్టాం. పాత కూలెంట్‌ను డబ్బాలో పట్టి మూత బిగించాం. అది తియ్యగా ఉండే విషం, పిల్లలకూ జంతువులకూ అందితే ప్రాణం మీదికి వస్తుంది. ఇప్పుడు ఎత్తు రోడ్డు మీద కూడా ముల్లు మధ్య గీత దగ్గరే ఉంటోంది.

ఫోను మాత్రం నా చేతికి రావడం తగ్గింది. తనే చేస్తోంది, కారు సంగతి అయిపోయాక కూడా కాసేపు మాట్లాడుకుంటున్నారు. తెలుగు మాట దొరకనప్పుడు తను చేతులతో చూపిస్తుంది, ఆయన దాని పేరు చెబుతారు. తప్పులు దిద్దడం నేను మానేశాను. వాదనలో ఉన్న మనిషిని మధ్యలో ఆపి వ్యాకరణం చెప్పేవాళ్లంటే నాకూ ఒళ్లు మండుతుంది.

ప్రస్తుతం నడుస్తున్న తగాదా నీళ్ల మీద. తాతయ్య ఉద్దేశంలో కూలెంట్ అంటే డబ్బు దండగ, కుళాయి నీళ్లు చాలు, ఆయన జీవితమంతా అవే పోశారు. రేడియేటర్‌ను పూడ్చింది ఆ నీళ్లలోని సున్నమేనని, గ్లైకాల్‌లో కలపడానికైనా డిస్టిల్డ్ వాటరే వాడాలని, తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలు కూలెంట్‌లోనే ఉంటాయని మనవరాలి వాదన. పాత రేడియేటర్‌ను ఇంకా పారేయనివ్వలేదు. దాన్ని అడ్డంగా కోసి, గొట్టాల్లో పేరుకున్న పొర మీద నిమ్మ ఉప్పు కలిపిన నీళ్లు పోసి, నురగ వస్తుందో లేదో తాతయ్యకు కెమెరాలో చూపిస్తుందట. రంపం ఎక్కడుందని నన్ను అడుగుతోంది. నురగ వచ్చినంత మాత్రాన ఒప్పుకోనని ఆయన ముందే చెప్పి ఉంచారు.