పావుగంట పేచీ

విశాఖ బీచ్ రోడ్డు నుంచి తిన్నగా తూర్పుకు పోతే బంగాళాఖాతం దాటాక తగిలేది మయన్మార్ తీరం. అక్కడి గడియారం మనకంటే సరిగ్గా గంట ముందుంటుంది. ఢాకా అరగంట ముందు. ఈ రెండింటితో నాకెన్నడూ చిక్కు రాలేదు. చిక్కల్లా కాఠ్మండుతోనే.

మొన్న మధ్యాహ్నం 3 గంటల సమావేశానికి అందరికీ కబురు పంపుతూ, నేపాల్ మన పక్కనే కదా అన్న ధీమాతో అక్కడి సహోద్యోగికి "మీకూ మూడే" అని రాశాను. ఆయన తన గడియారంలో మూడు కాగానే, అంటే మనకింకా 2.45 అయినప్పుడే, వచ్చి ఖాళీ తెర ముందు కూర్చున్నారు. నేను చేరేసరికి ఆయన టీ కప్పు ఖాళీ అయింది.

మన ప్రామాణిక సమయానికి ఆధారం 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం కాగా, నేపాల్ 1986లో గౌరీశంకర్ శిఖరం సమీపంలోని 86.25 డిగ్రీల రేఖాంశాన్ని ఎంచుకుంది. మధ్య దూరం 3.75 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాల చొప్పున 15 నిమిషాలు. (విశాఖ కూడా మన రేఖకు కాస్త తూర్పునే ఉంది కనుక, సూర్యుడి లెక్కన మనమూ మూడు నిమిషాలు ముందున్నట్టే!)

ఇప్పుడు నేను ముందుగా యూటీసీలోకి, అంటే ప్రపంచ గడియారాలన్నిటికీ ఆధారమైన ఉమ్మడి సమయంలోకి, మార్చుకుంటున్నాను. మన 3 గంటలు అక్కడ ఉదయం 9.30, దానికి 5.45 కలిపితే కాఠ్మండులో 3.15, 6 కలిపితే ఢాకాలో 3.30, 6.30 కలిపితే మయన్మార్‌లోని యాంగోన్‌లో 4. ఆహ్వానంలో నాలుగు ఊళ్ల సమయాలనూ విడివిడిగా రాస్తున్నాను.