పాల గ్లాసులో పన్ను

గత ఆదివారం సందులో క్రికెట్ ఆడుతుండగా బంతి తగిలి, మా 11 ఏళ్ల అబ్బాయి పై ముందుపన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. అత్తయ్యగారు దాన్ని పసుపునీళ్లతో రుద్ది కడగబోతుంటే ఆపి, వేరును ముట్టకుండా తెల్లని భాగం పట్టుకుని, కుళాయి ధార కింద కొన్ని క్షణాలు మాత్రమే ఉంచి, కాచి చల్లార్చిన పాలున్న స్టీలు గ్లాసులో వేశాను. వేరును అంటిపెట్టుకుని ఉండే సన్నని పొర ఆరిపోతే పన్ను సరిగా అతుక్కోదనీ, వీలైతే 30 నిమిషాలలో, ఆలస్యమైనా గంటలోపు వైద్యుణ్ణి చేరాలనీ ఎప్పుడో చదివింది ఆ క్షణాన గుర్తుకు వచ్చింది. (అక్కడికక్కడే చిగురులో పన్ను ఊడిన గుంటలో అమర్చడం ఇంకా మేలట, నాకు చేతులు వణికాయి.)

మొదటి క్లినిక్‌కు తాళం. రెండో చోట డాక్టరుగారు పన్నును అమర్చి, పక్క పళ్లతో కలిపి సన్నని తీగతో బిగించి, రెండు వారాలు ఉంచాలన్నారు. పాలపన్నయితే, లోపల పెరుగుతున్న శాశ్వత దంతానికి హాని కలగవచ్చు కనుక, తిరిగి పెట్టరట. "దవడ వాచి మింగలేకపోయినా, ఊపిరాడకపోయినా నా దగ్గరికి కాదమ్మా, నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లండి" అని కూడా హెచ్చరించారు.

వాడు మాత్రం జావ తాగుతూ, ఆ తీగను అద్దంలో చూసుకుని మురిసిపోతున్నాడు.