తల్లి మరచినా

మూడేళ్ల పాపకు తల్లిని అయి ఉండి, ఒక రాత్రి నేను నా బిడ్డను పూర్తిగా మరచిపోయాను. ఈ మాట రాయడానికి నాకు ఏడాది పట్టింది.

ఈశాన్య రుతుపవనాల వానలు చెన్నైని ముంచెత్తే నవంబరులో, పెరంబూరులోని మా వీధిలో ఇంటికొకరు జ్వరంతో మంచం పట్టారు. నాకు డెంగీ అని తేలింది. మొదటి నాలుగు రోజులూ ఎలాగో గడిచాయి. ఐదో రోజు ఉదయం జ్వరం దిగింది, కానీ కడుపులో మెలిపెట్టే నొప్పి మొదలైంది. క్లినిక్‌లో డాక్టరుగారు కాగితం మీదినుంచి తల ఎత్తకుండానే, "జ్వరం పోయింది కదమ్మా, ఇది గ్యాసు, ఇంటికి వెళ్లండి" అన్నారు. డెంగీలో అసలు గండం జ్వరం దిగాకే మొదలవుతుందని, రక్తనాళాల్లోంచి ద్రవం బయటికి ఊరిపోయి రక్తం చిక్కబడి రక్తపోటు పడిపోవచ్చని ఆయనకు తెలియకపోదు. ఒక్క నిమిషం వెచ్చించి చెప్పలేదు, అంతే. జ్వరం తగ్గాక కడుపునొప్పి, ఆగని వాంతులు, చల్లబడే కాళ్లూ చేతులూ, మగత, వీటిలో ఏది కనిపించినా తెల్లవారేదాకా ఆగకండి. మేము సాయంత్రందాకా ఆగాం.

పెద్దాసుపత్రిలో చేరేసరికి ప్లేట్‌లెట్లు 19 వేలు. కనీసం లక్షన్నర ఉండాలి. అయితే ఆ అంకె కన్నా సెలైన్ సరైన లెక్కలో ఎక్కడమే ముఖ్యమని డ్యూటీ డాక్టరు అమ్మకు ఓపికగా చెప్పారు. ఆమెకు నేను ఎన్నటికీ రుణపడి ఉంటాను. నన్ను పరామర్శించడానికి వచ్చిన మా చర్చి సంఘ పెద్ద మాత్రం మంచం పక్కన నిలబడి, "ఒప్పుకోని పాపం ఏదైనా ఉంటే ఇప్పుడే ఒప్పుకో తల్లీ, తండ్రి తాను ప్రేమించేవాళ్లనే శిక్షిస్తాడు" అని ప్రార్థించి వెళ్లారు. మాట్లాడే ఓపిక లేక కళ్లు మూసుకున్నాను.

రాత్రి రెండు గంటలప్పుడు అమ్మ నాన్నగారి పాత చేతిగడియారాన్ని అరచేతిలో పెట్టుకుని, పెదవులు కదుపుతూ సెలైన్ చుక్కలు లెక్కపెడుతోంది. నా పాదాలు చల్లబడితే తన చీర కొంగు చుట్టింది. నాకు ధైర్యం చెప్పాలని కాబోలు, "పాప పాలు తాగి పడుకుందట, మీ అత్తయ్య ఫోన్ చేసింది" అంది. నేను, "ఏ పాప?" అన్నాను.

అమ్మ లెక్క ఆపేసింది. ఆమె ముఖం చూశాక గాని నేనేమన్నానో నాకు తెలియలేదు. చావు భయం కన్నా ఆ క్షణం నన్ను ఎక్కువగా వణికించింది. నిజంగానే నాలో ఏదో పాపం ఉందేమో, కన్నబిడ్డను మరచిన దాన్ని దేవుడు ఎందుకు తలుచుకుంటాడని ఏడ్చాను. అప్పుడు అమ్మ, చిన్నప్పుడు ఆదివారపు బడిలో నాతో కంఠతా పట్టించిన, బైబిల్లో యెషయా గ్రంథం 49వ అధ్యాయంలోని మాట నెమ్మదిగా చెప్పింది: "వారైన మరచుదురు గాని నేను నిన్ను మరువను." ఆ మాటకు ముందు వచ్చే, తల్లి చంటిపిల్లను మరచునా అన్న ప్రశ్న దగ్గరే నేను ఎప్పుడూ ఆగిపోయేదాన్ని. తల్లి మరచిపోయే రోజు ఉంటుందని ఆ వచనానికి ముందే తెలుసు. నన్ను, నేను మరచిన నా బిడ్డను కూడా మరువని తండ్రి ఒకడున్నాడని నమ్మి, అమ్మ లెక్క మళ్లీ మొదలుపెట్టగానే నిద్రపోయాను.

ఆసుపత్రిలో చేరిన మూడో రోజుకు ప్లేట్‌లెట్లు పెరిగాయి, ఐదో రోజు ఇంటికి వచ్చాను. పాప కాసేపు అత్తయ్య వెనకే దాక్కుని, తరువాత వచ్చి నా చేతిపై సూది గుచ్చిన నల్లని మచ్చను వేలితో తడిమింది.

సంఘ పెద్ద ఇంటికి వచ్చినప్పుడు యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం చదవమని అడిగాను. పుట్టుగుడ్డివాడు గాని, వాని కన్నవారు గాని పాపం చేయలేదని ప్రభువే చెప్పిన చోట ఆయన గొంతు తగ్గింది. ఆయనపై నా కోపం ఇంకా పూర్తిగా పోలేదు. వెళ్లేటప్పుడు మాత్రం నాతో ఏమీ అనకుండా, పాప తలపై చేయి ఉంచి చాలాసేపు ప్రార్థించారు.