మా భూమి పోలేదు, అయినా హైవే పబ్లిక్ హియరింగ్‌కు ఎందుకు వెళ్లానంటే

కొత్త గ్రీన్‌ఫీల్డ్ హైవే, అంటే పాత రోడ్డును వెడల్పు చేయకుండా పొలాల మీదుగా కొత్తగా వేసే రోడ్డు, వస్తోందంటే మా వైపు అందరూ ముందు అడిగేది ఒక్కటే, "మీది ఎంత పోతోంది?" అని. మాది ఒక్క గుంట కూడా పోవట్లేదు. రోడ్డు మా పొలానికి ఎగువన, ఊరికీ గుట్టకూ మధ్య నుంచి పోతుంది. అందుకే మాకు నోటీసు రాలేదు, సర్వే వాళ్లు మాతో మాట్లాడలేదు, పరిహారం లిస్టులో మా పేరు లేదు. కానీ గుట్ట మీద పడ్డ వాన మా కుంటలోకి వచ్చే కాలువ మాత్రం ఆ రోడ్డును దాటుకునే రావాలి, ఆ కుంట కింద మాతో పాటు ఊళ్లో చాలామందికి వరి ఉంది. భూమి పోయేవాళ్లకు కనీసం ఆఫీసు నుంచి ఒక కాగితం వస్తుంది, నీళ్లు పోయేవాళ్లకు ఏ కాగితమూ రాదు. అలాంటివాళ్లు నోరు విప్పడానికి చట్టంలో ఉన్న చోటు ప్రజాభిప్రాయ సేకరణ, అంటే పబ్లిక్ హియరింగ్. అందులో మాట నిలబెట్టుకోవడానికి మేం ఏం చేశామో రాస్తున్నాను, మీ వైపు కూడా ఇలాంటి రోడ్డు పడితే పనికొస్తుంది. పని ఇంకా నడుస్తోంది కాబట్టి ఊరి పేరు, రోడ్డు పేరు రాయట్లేదు. ఉత్తర తెలంగాణ అనుకోండి చాలు.

మా ఊళ్లో అందరికీ కలగాపులగం అయిన విషయం ఒకటుంది, ముందు అది చెప్తాను. జాతీయ రహదారికి భూమి తీసుకునేది 1956 నాటి జాతీయ రహదారుల చట్టం కింద. ఆ చట్టంలోని సెక్షన్ 3ఏ కింద భూమి తీసుకుంటామనే నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపు భూమితో సంబంధం ఉన్నవాళ్లు 3సీ కింద అభ్యంతరం రాసివ్వాలి, ఆ తర్వాత భూమి తీసుకుంటున్నట్టు 3డీ ప్రకటన, ఆ తర్వాత పరిహారం తేల్చే 3జీ అవార్డు. పర్యావరణ అనుమతిది వేరే దారి. 2006 సెప్టెంబర్ 14 నాటి ఈఐఏ (పర్యావరణ ప్రభావ అంచనా) నోటిఫికేషన్ ప్రకారం కొత్త జాతీయ రహదారి కేటగిరీ ఏ కిందికి వస్తుంది, అంటే అనుమతి ఇచ్చేది ఢిల్లీలో కేంద్ర పర్యావరణ శాఖ. కానీ జనం మాట వినేది జిల్లాలోనే. కలెక్టర్ గానీ, అదనపు కలెక్టర్ స్థాయికి తగ్గని అధికారి గానీ కూర్చోవాలి, కాలుష్య నియంత్రణ మండలి వాళ్లు పక్కన ఉండాలి, మొత్తం వీడియో తీయాలి. ఈ రెండు దారులూ వేరని తెలియక మా వాళ్లు చాలామంది 3సీ గడువు దాటిపోయాక హియరింగ్‌కు వచ్చి ఎకరం రేటు గురించే మాట్లాడారు. వాళ్ల బాధ నిజమే, నేను కాదనను. కానీ రేటు తేల్చే అధికారం ఆ రోజు ఆ స్టేజీ మీద ఎవరికీ లేదు.

నోటీసు పేపర్లో వస్తుంది. ఒక జాతీయ పత్రికలో, ఒక ప్రాంతీయ భాషా పత్రికలో వేయాలి, హియరింగ్‌కు కనీసం 30 రోజుల ముందు వేయాలి. జిల్లా పేజీలో టెండర్ల మధ్య చిన్న అక్షరాల్లో పడింది. మా బావమరిది ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టాడు కాబట్టి సరిపోయింది గానీ లేకపోతే మా కంట పడేది కాదు. ఆ నోటీసులోనే ఈఐఏ రిపోర్టు, అంటే రోడ్డు వల్ల పర్యావరణం మీద పడే ప్రభావం గురించి రోడ్డు వాళ్ల కన్సల్టెంట్ రాసిన రిపోర్టు, కాపీలు ఎక్కడెక్కడ ఉంటాయో రాసి ఉంటుంది: కలెక్టరేట్, జిల్లా పరిషత్, జిల్లా పరిశ్రమల కేంద్రం, సంబంధిత పంచాయతీలు. పంచాయతీ ఆఫీసుకు పోతే తెలుగు సారాంశం ఒక్కటే ఉంది, నాలుగు కాగితాలు. అందులో అంతా బాగుంటుందనే ఉంది. అసలు రిపోర్టు ఇంగ్లీషులో లావుపాటి పుస్తకం, అది కాలుష్య నియంత్రణ మండలి ప్రాంతీయ ఆఫీసులో చూశాను. బల్ల దగ్గర కూర్చుని చదువుకోమన్నారు, ఫొటోలు తీసుకుంటానంటే ఏమీ అనలేదు. మర్యాదగానే ఉన్నారు.

ఆ పుస్తకం మొదటి నుంచి చదవాలని చూస్తే కళ్లు తిరుగుతాయి. గాలిలో పీఎం 10, పీఎం 2.5, శబ్దం డెసిబెల్స్, పక్షుల పేర్లు, పాముల పేర్లు. నేను వెతికింది ఒక్క పట్టిక, రోడ్డు కింద ఎక్కడెక్కడ కల్వర్టులు, వంతెనలు కడతారో చెప్పే పట్టిక. అందులో ప్రతి కల్వర్టుకూ ఛైనేజీ ఉంటుంది, అంటే రోడ్డు మొదలైన చోటి నుంచి ఎన్ని కిలోమీటర్ల ఎన్ని మీటర్ల దగ్గర అని. మా ఊరి శివారు ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో రోడ్డు పోయే దారి చూపించే అలైన్‌మెంట్ మ్యాపులో చూసుకుని, ఆ ఛైనేజీల మధ్య ఏముందో చూస్తే ఒకే ఒక హ్యూమ్ పైపు (గుండ్రటి సిమెంటు గొట్టం) కల్వర్టు ఉంది, అది కూడా మా కాలువ దగ్గర కాదు, పక్కన మెరక మీద. మా కాలువ దాటే చోట ఏమీ లేదు. అంటే అక్కడ మట్టికట్ట పోసి దాని మీద రోడ్డు వేస్తారన్నమాట. నీళ్లు అటువైపు నిలిచిపోయి ఎగువ పొలాలు మునుగుతాయి, లేదా రోడ్డు పక్క డ్రెయిన్‌లో పడి పక్క వాగులోకి పోతాయి, మా కుంట ఎండుతుంది. మా దగ్గర ఒక కుంట నిండి మత్తడి పోస్తే కింది చెరువుకు నీళ్లు, అది నిండితే దాని కిందిదానికి. కాకతీయుల కాలం నుంచి ఈ ప్రాంతమంతా గొలుసుకట్టు చెరువులే. పైన ఒక్కచోట ఆగితే కింద వరసగా దెబ్బ తగులుతుంది.

ఎందుకు తప్పిపోయిందో ఊహించడం కష్టం కాదు. ఇలాంటి రిపోర్టులకు కొలతలు సాధారణంగా వానాకాలం కాని ఒక సీజన్‌లో తీస్తారు. మా కాలువ మార్చిలో చూస్తే కాలువలా ఉండదు, బండ్ల బాటలా ఉంటుంది.

మా పెద్దనాయిన నన్ను ఆ ఎండలో దాని వెంట నడిపించాడు. రోడ్డు వాళ్లు పాతిన రాయి కాలువ మధ్యలోనే ఉంది. పక్కనే తుమ్మచెట్టు, దాని కొమ్మలకు నా ఛాతీ ఎత్తులో ఎండుగడ్డి, వరిపరక, చిరిగిన యూరియా సంచి ముక్క చుట్టుకుని ఉన్నాయి. "ఎవరో కట్టింది కాదు బిడ్డా, పోయిన వానాకాలం నీళ్లు తెచ్చి పెట్టినయ్" అన్నాడు పెద్దనాయిన. నేను కాలువ అడుగు నుంచి ఆ గడ్డి దాకా టేపు పట్టి, టేపు అంకెలూ ఆ రాయీ ఒకే ఫొటోలో పడేలా తీశాను. నా దగ్గరున్న కాగితాలన్నిటిలోకీ గట్టిగా పనిచేసింది ఆ ఫొటోనే. దానికి తోడు ఊరి నక్షా సంపాదించాను, అందులో కాలువ గీత స్పష్టంగా ఉంది. సర్వే ఆఫ్ ఇండియా వాళ్ల 1:50,000 స్కేలు మ్యాపులో (టోపోషీట్) కూడా ఉంది. ఇరిగేషన్ ఏఈ దగ్గర మా కుంట పేరు, ఆయకట్టు ఉన్న జాబితా కాపీ అడిగి తీసుకున్నాను. వానాకాలంలో ఊరి పిల్లలు సెల్‌ఫోన్లలో తీసిన వీడియోలు పెన్‌డ్రైవ్‌లో వేశాను. ఏమీ లేకుండా "మా తాతల కాలం నుంచి నీళ్లొస్తాయి" అంటే నమ్మేవాళ్లు నమ్ముతారు, నమ్మనివాళ్లు నమ్మరు.

గ్రామసభ తీర్మానం కూడా ఉండాలనిపించింది. సర్పంచ్ వెంటనే సరే అన్నాడు, సెక్రటరీకే భయం, రోడ్డుకు వ్యతిరేకంగా రాస్తే పైనుంచి ఏమంటారో అని. మేం రోడ్డు వద్దనట్లేదు, కాలువ దాటే చోట బాక్స్ కల్వర్టు, అంటే పెట్టెలా వెడల్పుగా కట్టే కాంక్రీటు కల్వర్టు, కావాలంటున్నాం అని చెప్తే రాశాడు. నిజానికి ఆ మాట వల్లే తర్వాత కూడా చాలా పని జరిగింది. ఊళ్లో కొందరు నన్ను "నీ భూమి పోవట్లేదు గదా, రోడ్డొస్తే రేట్లు పెరుగుతయ్, నడుమ నీకెందుకు" అన్నారు. భూమి అమ్ముకునేవాడికి రేటు కావాలి, దున్నుకునేవాడికి నీళ్లు కావాలి. ఇద్దరూ ఒకే ఊళ్లో ఉన్నాం.

హియరింగ్ మండల కేంద్రం దగ్గర షామియానా వేసి పెట్టారు. పోలీసులు బాగానే ఉన్నారు, గేటు దగ్గర పేరూ ఊరూ రిజిస్టర్‌లో రాయించుకున్నారు. ముందు కన్సల్టెంట్ ప్రొజెక్టర్ మీద బొమ్మలు చూపించి మాట్లాడాడు, ఎండకు తెర మీద ఏమీ కనిపించలేదు. తర్వాత పార్టీల నాయకులు, తర్వాత భూమి పోయేవాళ్లు. ఒక ఆడమనిషి ఇల్లు, బోరు, మామిడిచెట్లు అన్నీ పోతున్నాయని ఏడుస్తూ మాట్లాడుతుంటే అందరూ నిశ్శబ్దమయ్యారు. ఆ తర్వాత గొడవ మొదలై కాసేపు మైకు ఆపేశారు. నా వంతు మధ్యాహ్నం దాటాక వచ్చింది. టెన్షన్‌తో చేతులు వణికాయి, అందుకే ముందే రాసుకున్నది చూసి చదివాను: రిపోర్టులో ఫలానా పేజీ, ఫలానా పట్టిక, ఫలానా ఛైనేజీల మధ్య కాలువ చూపించలేదు, సర్వే నంబర్లు ఇవి, నక్షా ఇది, ఫొటో ఇది. మేం అడిగేది మూడు. కాలువ దాటే చోట హ్యూమ్ పైపు కాకుండా బాక్స్ కల్వర్టు కట్టాలి, ఎందుకంటే వరదకు తుమ్మకంప, చెత్త కొట్టుకొచ్చి పైపు మూసుకుపోతుంది. దాని అడుగు మట్టం కాలువ అడుగుతో సమానంగా ఉండాలి, పైకి పెడితే నీళ్లు నిలిచాకే దాటుతాయి, చిన్న వానలకు చుక్క కూడా రాదు. రోడ్డు పక్క డ్రెయిన్ మా కాలువ నీళ్లను వేరే వాగులోకి మళ్లించకూడదు. ఇవి కాక బడి సంగతి ఒకటి. స్కూళ్ల చుట్టూ 100 మీటర్లు నిశ్శబ్ద ప్రాంతం కావచ్చు, అక్కడ పగలు 50 డెసిబెల్స్ దాటకూడదని శబ్ద కాలుష్య నియమాలు చెబుతున్నాయి. రోడ్డు మా ప్రాథమిక పాఠశాల వెనక నుంచే పోతుంది, అడ్డుగోడ కావాలని అడిగాను.

కన్సల్టెంట్ "వివరమైన డిజైన్‌లో పరిశీలిస్తాం" అన్నాడు. ఇక్కడే పట్టుబట్టాలి. ఆ మాటకు ఏ విలువా లేదు. "పరిశీలిస్తాం కాదు సార్, నేను అడిగింది, వాళ్లు చెప్పిన జవాబు రెండూ మినిట్స్‌లో ఉండాలి" అన్నాను. అధ్యక్షత వహించిన అధికారి రాయించమన్నారు. రాసిన కాగితం, జత చేసినవన్నీ కాలుష్య నియంత్రణ మండలి వాళ్లకు ఇచ్చి నా కాపీ మీద ముద్ర, తేదీ వేయించుకున్నాను.

చివర్లో మినిట్స్ అక్కడే తెలుగులో చదివి వినిపించాలి, అదే రోజు సంతకం కావాలి, నోటిఫికేషన్‌లోనే ఉంది. అప్పటికి భోజనాలు అయిపోయాయి, జనం బస్సులెక్కారు, మేం పది పన్నెండు మందిమే మిగిలాం. మా సంగతి వచ్చేసరికి "వరద నీటి సమస్య గురించి ప్రస్తావించారు" అని చదివారు. అనుమతి ఇవ్వొచ్చో లేదో కేంద్ర శాఖకు చెప్పే, ఢిల్లీలో కూర్చున్న నిపుణుల కమిటీకి ఆ వాక్యం వల్ల ఏం తెలుస్తుంది? అక్కడే లేచి ఛైనేజీ, సర్వే నంబర్లు, బాక్స్ కల్వర్టు, అడుగు మట్టం అనే మాటలు చేర్పించాం. రాసే ఆయన విసుక్కున్నాడు గానీ చేర్చాడు. హియరింగ్‌కు వెళ్లేవాళ్లకు నేను గట్టిగా చెప్పేది ఇదే, మాట్లాడి వచ్చేయకండి, మినిట్స్ చదివేదాకా కూర్చోండి. తర్వాత కూడా తప్పు కనబడితే మినిట్స్ మీద మీ మాట నేరుగా కేంద్ర శాఖకు రాయొచ్చు, మేం కూడా ఒక కాపీ పంపాం.

ఆ తర్వాత అంతా పరివేష్ పోర్టల్‌లో, అంటే కేంద్ర పర్యావరణ శాఖ అనుమతుల వెబ్‌సైట్‌లో, చూసుకోవడమే. ఫైనల్ రిపోర్టులో పబ్లిక్ హియరింగ్‌లో వచ్చిన ప్రతి అంశానికీ రోడ్డు వాళ్లు ఏం చేస్తారో ఒక పట్టిక ఉంటుంది. మా ఛైనేజీ దగ్గర బాక్స్ కల్వర్టు కొత్తగా చేరింది. మేం అడిగినంత వెడల్పు లేదు, కానీ అడుగు మట్టం మాట ఉంది. బడికి అడ్డుగోడ ఇవ్వలేదు, చెట్లు నాటుతామన్నారు. చెట్లు ఎదగడానికి ఎన్నేళ్లు పడుతుందో అందరికీ తెలుసు, ఈ విషయంలో నాకు అసంతృప్తి ఉంది. అనుమతి వచ్చాక 30 రోజుల్లోపు జాతీయ హరిత ట్రిబ్యునల్‌లో అప్పీలు చేసుకోవచ్చు, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజుల దాకా తీసుకుంటారు, మనకైతే చెన్నై బెంచ్. కుంట సంగతి తేలింది కాబట్టి మేం వెళ్లలేదు.

ఇప్పుడు ఇంకో తలనొప్పి వచ్చింది. రోడ్డు ఖాయం అయ్యేసరికి హైవే ఎక్కే దిగే ఇంటర్‌ఛేంజ్ దగ్గర ప్లాట్ల వెంచర్ వేశారు, అదే కాలువను కింది వైపు మొరం పోసి చదును చేశారు. రోడ్డుకైతే హియరింగ్ ఉంది. భవనాలు, టౌన్‌షిప్‌లు 2006 నోటిఫికేషన్‌లో 8వ అంశం కింద ఉంటాయి, వాటికి పర్యావరణ అనుమతి కావాల్సి వచ్చినా ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. నాకు ఇది ఏమాత్రం న్యాయంగా లేదు, నీళ్లకు రోడ్డు అడ్డొచ్చినా ప్లాట్లు అడ్డొచ్చినా ఎండేది అదే కుంట. అందుకని ఇక్కడ వేరే ఆధారం పట్టుకున్నాం. భవన నిర్మాణ నియమాల మీద 2012లో వచ్చిన జీవో 168 ప్రకారం 10 హెక్టార్ల లోపు చెరువులు, కుంటలు, శిఖం భూముల (చెరువు నీళ్లు నిలిచే భూముల) హద్దు నుంచి 9 మీటర్లు వదలాలి, 10 మీటర్ల దాకా వెడల్పున్న కాలువలకైతే 2 మీటర్లు. హియరింగ్‌లో ఇచ్చిన నక్షా, ఫొటోలే మళ్లీ జతచేసి తహసీల్దార్‌కు, ఇరిగేషన్‌కు, లేఅవుట్ ఫైలు చూసేవాళ్లకు ఇచ్చాం, రోడ్డు అనుమతి ఉత్తర్వులో మా కాలువ పేరు ఉన్న పేజీ పైన పెట్టి. కాలువే లేదని వెంచర్ వాళ్లు అనడానికి ఇప్పుడు వీల్లేదు. జాయింట్ సర్వేకు తేదీ ఇచ్చారు, పెద్దనాయినను కూడా తీసుకెళ్తున్నాను.