గడియారం ఎవరు ఆపారు?

రైల్లో ఎదురు సీటు పెద్దాయన "ఏం పని మీదమ్మా ప్రయాణం?" అని అడిగితే, పెళ్ళికని అబద్ధం చెప్పాను. రచయితల శిబిరానికని చెప్తే, ఏం రాశావంటారు. పదేళ్ళుగా రాస్తున్నాను, అచ్చయినవి రెండు, అందులో ఒకటి సగానికి కోసేసి వేశారని చెప్పుకోవాలి. పెళ్ళయితే ఎవరూ ఆరా తీయరనుకున్నాను. తీశారు. దిగేలోపు పెళ్ళికూతురికో ఉద్యోగం, పెళ్ళికొడుక్కో చెల్లెలు పుట్టుకొచ్చారు. ఆ నెలలో నేను అల్లిన కథ అదొక్కటే.

రైలు దిగి ఘాట్ రోడ్డు బస్సెక్కాను. నాలుగో మలుపులో ఫోన్ సిగ్నల్ పోయింది, ధైర్యం అంతకుముందే పోయింది. ఒళ్ళో సంచి, అందులో నా కథ పన్నెండు కాపీలు. తిరుగు బస్సు ఎన్నింటికని కండక్టర్ని అడిగాను. "మళ్ళీ పొద్దున్నేనండి" అన్నాడు. అలా, వేరే దారిలేక, మూడు రోజుల శిబిరానికి వెళ్ళాను.

ఆ టెన్షన్‌కి కారణముంది. కొన్నేళ్ళ కిందట ఒక సమావేశంలో కథ చదివాను. మిగతావాళ్ళు మాట్లాడుతుంటే రాసినవాళ్ళు నోరు మెదపకూడదని అక్కడ నియమం. ఆ పద్ధతికి పేరు తెచ్చింది అమెరికాలో 1936లో మొదలైన అయోవా రైటర్స్ వర్క్‌షాప్ అని తర్వాత తెలిసింది. ఉద్దేశం మంచిదే. కథ తన కాళ్ళ మీద తాను నిలబడాలి, పక్కన నిలబడి వివరణ ఇచ్చుకోకూడదు. కానీ ఆ రోజు ఒకాయన నా కథకి ఏదో వెటకారం పేరు పెట్టారు, అందరూ నవ్వారు. నియమం ప్రకారం నేనూ నోరు మూసుకుని కూర్చున్నాను. తర్వాత నాలుగు నెలలు పెన్ను ముట్టలేదు.

ఇక్కడ గదిలో నాతోపాటు ఉన్నావిడ బ్యాంకులో రిటైరయ్యాక రాయడం మొదలుపెట్టారట. నేను కాపీలు మాటిమాటికీ బయటికి తీసి లోపల పెట్టడం చూసి, "ఏ పేరా చూసి సిగ్గుపడుతున్నారు?" అన్నారు.

"మూడోదండీ."

"నాకెప్పుడూ మొదటిదే" అని దుప్పటి కప్పుకుని పడుకున్నారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టిందంటే ఆవిడ చలవే.

మర్నాడు నా వంతు. ఇక్కడి పద్ధతి లిజ్ లెర్మన్ అనే నృత్య దర్శకురాలు 1990లో రూపొందించింది. మొదట విన్నవాళ్ళు తమ మనసుకు తగిలినదేదో చెప్తారు. తర్వాత రాసినవాళ్ళు అడగదలచుకున్నవి అడుగుతారు. ఆ పైన విన్నవాళ్ళ ప్రశ్నలు. వాటిలో అభిప్రాయం దాగి ఉండకూడదు. అన్నీ అయ్యాకే అభిప్రాయాలు, అవీ "ఫలానా దాని గురించి ఒకటి చెప్పాలనుంది, వింటారా?" అని అడిగి. వద్దనే హక్కు మనకుంటుంది. చెప్పినంత సులువు కాదు. వేరే అతని కథకి నేను "ముగింపు ఎందుకంత హడావిడిగా చేశారు?" అంటే, నడిపిస్తున్నాయన నవ్వి, ప్రశ్న మార్చమన్నారు. రెండు నిమిషాలు తన్నుకులాడి, "చివర్లో చదివేవాళ్ళకి ఏం మిగలాలనుకున్నారు?" అన్నాను. అతను చాలాసేపు ఆలోచించాడు. నా మొదటి ప్రశ్నకయితే తప్పకుండా దెబ్బలాటకొచ్చేవాడు.

నా కథలో సరోజ, తల్లి పోయాక ఆ ఇల్లు ఖాళీ చేయడానికి వస్తుంది. హాల్లో గోడ గడియారం ఆగిపోయి ఉంటుంది. అందం కోసం ఆ మాట మూడుసార్లు రాసుకున్నాను. కాలేజీ కుర్రాడొకడు అడిగాడు: "గడియారం ఆగిపోయిందా, ఎవరైనా ఆపారా?"

"ఆగిపోయింది" అన్నాను.

"కీ ఇచ్చేదేనా?" అన్నారు మా గది ఆవిడ. "మా ఇంట్లోదానికి ఎనిమిది రోజులకోసారి ఇవ్వాలి. ఎవరిచ్చేవారు?"

అమ్మ. కథలో సరోజ ప్రతి ఆదివారం ఫోన్ చేస్తుంది, తల్లి బాగానే ఉన్నానంటుంది. తల్లి పోయిన రెండో రోజుకే సరోజ ఇల్లు చేరుతుంది. అప్పటికే గడియారం ఆగి ఉందంటే, ఆవిడ కీ ఇవ్వడం ఎప్పుడు మానేసింది? ఎందుకు మానేసింది? సరోజకి తెలీదు. నాకూ తెలీదు. పన్నెండు మంది నా ముఖంలోకి చూస్తున్నారు, నన్ను పరీక్షించడానికి కాదు, ఆవిడకేమైందో తెలుసుకోవాలని. నేను పుట్టించిన మనిషి గురించి వేరేవాళ్ళు బెంగపడటం అదే మొదటిసారి చూడటం. "చాలా బాగుందండీ" అనే మాట నాకెప్పుడూ అంత బలమివ్వలేదు.

అంతా ఇంత బాగా జరిగిందని కాదు. రెండో సాయంత్రం ఒకాయన పది నిమిషాల కవిత అని నలభై నిమిషాలు చదివారు. దానికి లెర్మన్ దగ్గర కూడా మందు లేదు.

నాకు బాగా గుర్తున్నది పొద్దుటి పూటలు. ఆరు నుంచి ఎనిమిది వరకు వరండాలో వరసగా కూర్చుని ఎవరి రాత వాళ్ళు రాసుకోవడమే, మాటల్లేవు. ఇంట్లో అయితే "ఖాళీగానే ఉన్నావుగా" అంటారు. ఇక్కడ ఒకరు పెన్ను ఆపి ఆకాశంలోకి చూస్తూ కూర్చుంటే, పక్కవాళ్ళు ఆ పని పాడవకుండా కాళ్ళ చప్పుడు కానీయకుండా నడిచేవారు.

తిరుగు రైల్లో పక్కసీటావిడ "ఎక్కడినుంచి వస్తున్నారు?" అన్నారు.

"పెళ్ళినుంచండీ" అన్నాను మళ్ళీ. సిగ్గుపడి కాదు. సరోజ స్టూలెక్కి గడియారం తలుపు తీస్తోంది, లోపల తాళంచెవి ఉండాల్సిన చోట లేదు.