పార్వో నుంచి బయటపడిన మా చిట్టి

ఖాళీ కడుపుతో ఉన్న కుక్క పొద్దున్నే పసుపు నురగ కక్కడం అప్పుడప్పుడు జరిగేదే. కాసేపటికి తోక ఊపుకుంటూ గిన్నె దగ్గరికి వస్తే కంగారు అక్కర్లేదు. మూడు నెలల మా కుక్కపిల్ల చిట్టి మాత్రం రాలేదు. తాగిన నీళ్లు కూడా నిలవలేదు. మధ్యాహ్నానికి రక్త విరేచనాలు మొదలయ్యాయి. దానికి మొదటి టీకా మాత్రమే అయింది.

పక్కింటి పిన్నిగారు ప్రేమగానే పెరుగన్నం పెట్టమన్నారు. కానీ నీళ్లే ఇమడని కడుపులో అన్నం ఎలా ఇముడుతుంది? వెంటనే ఆటో ఎక్కాం.

డాక్టరుగారు చిట్టి పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో నొక్కి వదిలారు. తెల్లబడిన చోట రెండు సెకన్లలోపు ఎరుపు తిరిగి రావాలట. చిట్టికి చాలా నెమ్మదిగా వచ్చింది. మెడ వెనక చర్మం పట్టి లాగితే గుడారంలా అలాగే నిలబడిపోయింది. ఒంట్లో నీరు ఎంత పోయిందో అప్పుడు అర్థమై నా కాళ్లు వణికాయి. మలం పరీక్షలో పార్వో వైరస్ సోకిందని తేలింది.

1978లో గుర్తించిన ఈ వైరస్ పేగు గోడను దెబ్బతీస్తుంది, తెల్ల రక్తకణాలను తగ్గించేస్తుంది. చిట్టికి ఇచ్చిన మందులేవీ దాన్ని నేరుగా చంపేవి కావు. ముందు కాలికి సెలైన్, వాంతులు ఆగడానికి మారోపిటెంట్ ఇంజెక్షన్, బాక్టీరియా రక్తంలోకి చేరి ప్రాణం తీయకుండా యాంటీబయాటిక్. వైరస్‌తో పోరాటం పిల్ల శరీరమే చేయాలి, అందాకా దాన్ని నిలబెట్టడమే వైద్యం. మనుషుల పారాసిటమాల్, ఇబుప్రోఫెన్ మాత్రలు పొరపాటున కూడా వేయొద్దని ఆయన గట్టిగా చెప్పారు.

రోజూ తీసుకెళ్లి సెలైన్ ఎక్కించాం. సూది ఉన్న కాలు కదలకుండా పట్టుకుని కూర్చుంటే, అది కళ్లు మాత్రం ఎత్తి నన్ను చూసేది. వాంతులు ఆగాక చెంచాతో కొంచెం కొంచెం నీళ్లు పట్టాం. తర్వాత ఉప్పు, ఉల్లి, మసాలా లేకుండా ఉడికించిన కోడిమాంసం, మెత్తటి అన్నం. మొదటి ముద్ద కడుపులో నిలిచిన రాత్రి ఇంట్లో అందరం ఏడ్చాం.

ఇంట్లో మిగిలిన వైరస్‌ను చంపడానికి ఫినాయిల్‌ను నమ్ముకోలేం. ఒక పాలు బ్లీచ్ ద్రావణానికి ముప్పై పాళ్ల నీళ్లు కలిపి నేల, గిన్నెలు కడిగాం. పెరటి మట్టిని మాత్రం ఏమీ చేయలేం. అక్కడ వైరస్ నెలల తరబడి బతికే ఉంటుంది. అందుకే మా గేటు దగ్గర ఈనిన వీధికుక్క పిల్లలకూ టీకాలు మొదలుపెట్టించాం. పదహారు వారాలు నిండేదాకా విడతలవారీగా వేయించాలి.