చిల్లై కలాన్ నాటి శ్రీనగర్

జనవరి మొదట్లో బనిహాల్‌లో రైలెక్కి, పీర్ పంజాల్ పర్వతాల కింద 11 కిలోమీటర్ల సొరంగం దాటి ఖాజీగుండ్ చేరేసరికి కాశ్మీర్ లోయ అంతా మంచు పరుచుకొని ఉంది. అప్పటికి చిల్లై కలాన్ నడుస్తోంది. డిసెంబరు 21న మొదలయ్యే ఈ 40 రోజుల గడ్డుచలి తరువాత 20 రోజుల చిల్లై ఖుర్ద్, ఆపై 10 రోజుల చిల్లై బచ్చా వస్తాయి. అక్కడివారు శీతాకాలాన్ని ఇలా లెక్కకట్టుకొని, దానికి తగిన ఏర్పాట్లు ఎండాకాలంలోనే మొదలుపెడతారు.

శ్రీనగర్ పాతబస్తీలో నేను బస చేసిన ఇంటి వంటగదిలో దండలుగా గుచ్చి ఆరబెట్టిన సొరకాయ, వంకాయ, టమాటా ముక్కలు వేలాడుతున్నాయి. వీటిని హోఖ్ స్యూన్ అంటారు. మన ఇళ్లలో వేసవిలో పెట్టుకునే ఒరుగుల వంటివే అయినా, వీటి అవసరం మాత్రం వేరు. మంచు కురిసో, రాంబన్ దగ్గర కొండచరియలు విరిగిపడో జమ్మూ రహదారి మూతపడితే, పూర్వం లోయకు తాజా కూరగాయలు వచ్చే దారే ఉండేది కాదు. ఇప్పుడు బజారులో అన్నీ దొరుకుతున్నా ఎండు వంకాయ కూర వండని ఇల్లు అరుదని ఇంటి పెద్దావిడ చెప్పారు.

ఆ ఇంట్లో గదినంతా వేడిచేయాలని ఎవరూ ప్రయత్నించరు, మనిషి వెచ్చగా ఉంటే చాలునంటారు. సన్నని పుల్లలతో అల్లిన బుట్టలో మట్టిపాత్ర అమర్చి, అందులో నిప్పులు పోసి, పైన బూడిద కప్పితే కాంగ్రీ సిద్ధమవుతుంది. శరదృతువులో రాలిన చినార్ ఆకులను కాల్చి చేసుకున్న బొగ్గును కూడా అందులో వాడతారు. ఫెరన్ అనే, మోకాళ్లు దాటే వదులైన ఉన్ని అంగీ లోపల దాన్ని పెట్టుకొని కూర్చుంటే, కరెంటు పోయిన రాత్రి కూడా నాకు చలి భయం కలగలేదు. అయితే ఏళ్ల తరబడి ఒకేచోట ఆ వేడి తగిలితే చర్మానికి క్యాన్సర్ రావచ్చని వైద్యులు గుర్తించారు కనుక, ఈ ఆచారాన్ని గుడ్డిగా పొగడలేను.

తెల్లవారకముందే పాతబస్తీలోని ఆలీ కదల్‌కు వెళ్లి హరీసా తిన్నాను. మాంసం, బియ్యం, సోంపు, యాలకులు కలిపి, పొయ్యిలో పాతిన మట్టిపాత్రలో రాత్రంతా ఉడికించి, మెత్తగా మెదిపి, పైన కాగిన నూనె పోసి రొట్టెతో ఇస్తారు. ఇది చలికాలంలోనే వండే వంట, ఉదయం కాస్త పొద్దెక్కితే మిగలదు. కాబట్టి అక్కడికి వెళ్లేవారు చీకటితోనే బయలుదేరాలి.